పాయ, గడ్డ, నారు: ఉల్లిసాగు చరిత్రకు తెలుగు మాటల సాక్ష్యం

ఉపోద్ఘాతం

మాండలిక భేదాలను బోధించేటప్పుడు మనం తరచుగా ఇచ్చే ఉదాహరణల్లో ఉల్లి ఒకటి. కోస్తా జిల్లాల్లో అది ఉల్లిపాయ, తెలంగాణలో ఉల్లిగడ్డ, రాయలసీమలో ఎర్రగడ్డ. ఒకే వస్తువుకు మూడు పేర్లని చెప్పి అక్కడితో పాఠం ముగిస్తాం. ఆ మూడు పేర్లూ ఒకే వస్తువును, ఒకే దృష్టితో చూసి పెట్టినవేనా అన్న ప్రశ్న వేయం. ఎర్రగడ్డ అన్న పేరు రంగును చెబుతుంది. ఉల్లిగడ్డ అన్నది నేలలో ఊరిన ముద్దను చెబుతుంది. ఉల్లిపాయ అన్నది విభాగాన్ని చెబుతుంది. నేడు మనం వంటకు తరిగే పెద్ద ఉల్లి సాధారణంగా పాయలుగా విడిపోదు, పొరలుగా విడుతుంది. విడిపోని దానికి పాయ అన్న పేరు ఎలా వచ్చింది?

ఈ ప్రశ్నకు జవాబు వంటింట్లో దొరకదు. ఉల్లి నేలలోకి ఏ రూపంలో వెళ్తుందో, నాటుకు ముందు రైతు చేతిలో ఏముంటుందో పరిశీలించాలి. విత్తనమా, నారా, గడ్డా అన్నదానిని బట్టి ఉల్లి చరిత్ర మారుతుంది. ఉల్లి పేర్లను నాటు పద్ధతులతో కలిపి చదివితే, తెలుగులో ‘ఉల్లి’ అన్న మాట అన్ని కాలాల్లోనూ ఒకే రకపు పంటను సూచించిందని అనుకోవడానికి వీల్లేదని తేలుతుంది. దీనిని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నాటుకు ముందు: మూడు దారులు

ఉల్లి స్వభావరీత్యా రెండు కాలాల మొక్క. మొదటి కాలంలో గడ్డ ఊరుతుంది. ఆ గడ్డను మళ్లీ నాటితే, తగిన చలి తగిలిన తరువాత, రెండో కాలంలో పూకాడ వేసి విత్తనం ఇస్తుంది. ఈ స్వభావం వల్ల ఉల్లిని సాగులోకి తేవడానికి ప్రధానంగా మూడు దారులు ఏర్పడ్డాయి.

మొదటిది విత్తనపు దారి. నల్లని చిన్న గింజలను ఎత్తుమడులలో పోసి, ఆరు నుండి ఎనిమిది వారాల నారును తీసి, పొలంలో సుమారు 15 సెంటీమీటర్ల వరుసల్లో మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్ల ఎడం ఉంచి నాటుతారు. హెక్టారుకు 8 నుండి 10 కిలోల విత్తనం పడుతుంది. ఉల్లి గింజ ఎక్కువకాలం నిలవ ఉండదు. ఏడాది దాటితే మొలకశక్తి బాగా తగ్గుతుంది. కాబట్టి విత్తనాన్ని ఏటా కొత్తగా సంపాదించుకోవలసిందే. కర్నూలు ప్రాంతపు వర్షాధార భూముల్లో నారుమడి లేకుండా నేరుగా పొలంలోనే విత్తనం వేసే పద్ధతి కూడా ఉంది. అది ఈ దారిలోని ఒక శాఖ.

రెండోది చిన్నగడ్డ దారి. వేసవికి ముందు మడిలో విత్తనాన్ని ఒత్తుగా పోసి, గోలీకాయంత గడ్డ ఊరగానే ఆకుతో సహా పీకి, కట్టలు కట్టి గాలి తగిలేచోట వేలాడదీస్తారు. వానకాలంలో ఆ చిన్నగడ్డలను నాటుతారు. సుమారు ఒకటిన్నర నుండి రెండు సెంటీమీటర్ల అడ్డుకొలత గల గడ్డలు ఇందుకు అనుకూలం. అంతకన్నా పెద్దవాటిని నాటితే గడ్డ ఊరకుండా పూకాడ వేసే ప్రమాదం ఎక్కువ. ఈ పద్ధతిలో పంట త్వరగా చేతికి వస్తుంది. ఉల్లికాడల కోసం వేసేవారికీ అనువైనది.

మూడోది పాయల దారి. గుత్తులుగా పెరిగే చిన్న ఉల్లి, అంటే మన అంగళ్లలో సాంబారు ఉల్లి పేరుతో అమ్మేది, ఒక గడ్డ నాటితే అనేక గడ్డల గుత్తిగా విడిపోతుంది. దీనికి సాధారణంగా విత్తనంతోనూ నారుమడితోనూ పని లేదు. కోత తరువాత కొంతకాలం గడ్డను నిద్రపోనిచ్చి, గుత్తిని విడదీసి, ఒక్కొక్క గడ్డను నాటడమే. తమిళనాడులో ఇది ముఖ్యమైన పంట. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన కో శ్రేణి చిన్న ఉల్లి రకాలు ప్రసిద్ధం. వాటిలో కో-5 విత్తనం ద్వారా కూడా పెంచదగినది. అది ఈ వర్గంలో విశేషంగా చెప్పుకోదగిన మినహాయింపు.

ఇక్కడ పరిశోధకుడు జాగ్రత్త పడవలసిన విషయం ఒకటి ఉంది. ‘విత్తనపు గడ్డ’ అన్న ఒక్క మాట తెలుగులో మూడు వేరువేరు వస్తువులకు వర్తించగలదు. విత్తనం తీయడానికి నాటే పెద్ద తల్లిగడ్డ ఒకటి, విత్తనం పోసి ఊరించిన చిన్నగడ్డ మరొకటి, గుత్తి నుండి విడదీసిన పాయ మూడోది. ఏదైనా గ్రంథంలోనో ముఖాముఖిలోనో ఈ మాట ఎదురైతే ఆ మూడింటిలో ఏదో తేల్చుకోకుండా సాగు పద్ధతిని గురించి నిర్ణయం చేయరాదు.

ఉల్లి అన్న ధాతువు, దాని కుటుంబం

ఉల్లి ద్రావిడ పదం. తమిళ, మలయాళ, కన్నడాలలో దీని సోదర రూపాలు ‘ళ్ళ’కారంతో ‘ఉళ్ళి’గా ఉన్నాయి. తెలుగులో ళకారం లకారంగా మారి ‘ఉల్లి’ అయింది. వెల్లుల్లిలోని ‘వెల్’ తెలుపును చెప్పే పదం. కన్నడ ‘బెళ్ళుళ్ళి’ దీనికి సరిగా సరిపోతుంది. తెలంగాణలో వినిపించే ‘ఎల్లి’ ఈ వెల్లుల్లికి సంక్షిప్త రూపం. పదాది వకారం జారిపోవడం వెన్నెల, ఎన్నెల వంటి జంటల్లోనూ కనిపించేదే. నీరుల్లికి కన్నడంలో ‘నీరుళ్ళి’ తోడుగా ఉంది. అక్కడ మరింత వాడుకలో ఉన్నది ‘ఈరుళ్ళి’.

ఈ పట్టికను బట్టి ఒక విషయం స్పష్టం. ‘ఉల్లి’ మొదట ఒక జాతికి పేరు. ఘాటైన వాసన, పొరలూ పాయలూ గల మొక్కలన్నీ దానిలో చేరతాయి. తెల్లది వెల్లుల్లి, నీరు గలది నీరుల్లి. విశేషణం చేరితే తప్ప ఏ మొక్కో నిశ్చయించలేని దశ ఒకటి ఉండి ఉండాలి. నేడు ‘ఉల్లి’ అనగానే విశేషణం లేకుండానే పెద్ద ఉల్లి స్ఫురిస్తున్నదంటే, జాతివాచకం ఒక రకానికి కుదించుకుపోయిందన్నమాట. కుదింపు ఎటువైపు జరిగిందో పొరుగు భాషలతో పోల్చి చూడాలి.

పొరుగు భాషల సాక్ష్యం

మలయాళంలో ‘ఉళ్ళి’ అన్న మాట నేటికీ ముఖ్యంగా చిన్న ఉల్లికి అంటిపెట్టుకొని ఉంది. ‘చెఱియ ఉళ్ళి’, ‘చువన్నుళ్ళి’ అన్నవి గుత్తుల ఉల్లికి పేర్లు. పెద్ద ఉల్లికి వారు వాడే మాట ‘సవాళ’. ఇది పోర్చుగీసు ‘సెబోలా’ నుండి వచ్చింది. పోర్చుగీసువారు కేరళ తీరానికి చేరినది 1498లో కనుక, ఈ పేరు అంతకు ముందుది కాజాలదు. పేరు పోర్చుగీసుది అయినంత మాత్రాన పెద్ద ఉల్లి కూడా వారి ఓడల్లోనే వచ్చిందని చెప్పలేం. అయినా పెద్ద ఉల్లికి కొత్త పేరు అవసరమైందంటే, అప్పటికే ఉన్న ‘ఉళ్ళి’ అన్న పేరు మరో రకానికి స్థిరపడి ఉందని ఊహించవచ్చు.

తమిళంలో ‘వెంగాయం’ ప్రధాన పదం. దానికి చిన్న, పెద్ద అన్న విశేషణాలు చేరతాయి. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో పెద్ద ఉల్లిని ‘పల్లారి’ అంటారు. అది బళ్ళారి పేరు. తెలుగు, కన్నడ మాటలు కలిసిపోయిన ఆ సీమ నుండి వచ్చిన సరుకుగా దక్షిణ తమిళులు పెద్ద ఉల్లిని గుర్తించారన్నమాట. పంటకు పొలం పేరు కాక సంత పేరు అంటుకోవడం ప్రపంచంలో ఇతరత్రా కూడా జరిగింది. యూరప్ భాషల్లో చిన్న ఉల్లికి ఉన్న ‘షాలట్’ అన్న పేరు మధ్యధరా తీరంలోని అస్కలాన్ రేవు నుండి వచ్చినదే.

తెలుగులో పరిస్థితి దీనికి తలకిందులుగా ఉంది. మనకు పెద్ద ఉల్లే ‘ఉల్లి’. చిన్నదానికే విశేషణం కావాలి: చిన్న ఉల్లి, సాంబారు ఉల్లి. రెండో పేరు మరీ విశేషం. అది మొక్కను బట్టి కాక, వంటకాన్ని బట్టి వచ్చింది. ఒక వస్తువుకు దాని సాగును చెప్పే పేరు లేక, వంటకాన్ని చెప్పే పేరు మాత్రమే వ్యాపించిందంటే, ఆ వస్తువు అధికశాతం ఇళ్లకు పొలం నుండి కాక అంగడి నుండి వచ్చిందని అర్థం. కేరళలో కొత్త పేరు పెద్దదానికీ, తెలుగునాట విశేషణం చిన్నదానికీ అవసరమైంది. ఏది సహజమో, ఏది పరాయిదో చెప్పే భాషాపరమైన గుర్తు ఇదే.

ఇక్కడ ఒక హెచ్చరిక. పరిమాణం ఒక్కటే కొలత కాకూడదు. కడప జిల్లా కృష్ణాపురం పేరుమీద ప్రసిద్ధమైన కె.పి. ఉల్లి, బెంగళూరు గులాబీ ఉల్లి చిన్న గడ్డలే. రెండూ ఎగుమతిలో పేరు పొందినవే. కాని అవి విత్తనపు దారిలో పెరిగేవి. కంటికి చిన్నదిగా కనిపించినదల్లా పాయల ఉల్లి కాదు.

పాయ: రెండు ఊహలు

‘పాయు’ అంటే విడిపోవు. నదీపాయ, మూడు పాయల జడ అన్న ప్రయోగాల్లో విభాగం అన్న అర్థం స్పష్టంగా ఉంది. ఉల్లిపాయలోని పాయను వివరించడానికి రెండు ఊహలు చేయవచ్చు.

మొదటి ఊహ ప్రకారం కోస్తాలో ఒకప్పుడు పాయలుగా విడిపోయే గుత్తుల ఉల్లి వాడుకలో ఉండేది. విడదీసి నాటే ఆ గడ్డకు పాయ అన్న పేరు సహజంగా వచ్చింది. తరువాత పెద్ద ఉల్లి వచ్చినా పాతపేరే నిలిచింది. ఈ ఊహ ఆకర్షణీయమైనది. మలయాళ సాక్ష్యం దీనికి కొంత బలం ఇస్తుంది.

రెండో ఊహ ప్రకారం పాయ మొదట వెల్లుల్లిది. వెల్లుల్లి నిజంగా పాయలుగా విడిపోతుంది. పాయను విడదీసే నాటుతారు. కోస్తాలో వెల్లుల్లిపాయ అంటే మొత్తం గడ్డ అన్న అర్థం స్థిరపడింది. అందులోని ఒక్క భాగానికి రెబ్బ అన్న వేరే మాట వాడుకలో ఉంది. అంటే భాగం పేరు మొత్తానికి చేరడం వెల్లుల్లిలోనే జరిగిపోయింది. మొత్తం గడ్డకు పాయ అన్న అర్థం స్థిరపడిన తరువాత, వంటింట్లో వెల్లుల్లి పక్కనే ఉండే ఉల్లికి కూడా సాదృశ్యంతో పాయ చేరింది.

ఈ రెండింటిలో రెండో ఊహకే ఎక్కువ బలం ఉందని నా అభిప్రాయం. కారణం తెలంగాణ వాడుకలో ఉంది. అక్కడ వెల్లుల్లిని ఎల్లిగడ్డ అనీ, ఎల్లిపాయ అనీ రెండు విధాలా అంటారు. ఎల్లిపాయ కారం ఇంటింటి మాట. ఉల్లి మాత్రం ఉల్లిగడ్డే. విడిపోయేదానికి పాయ, విడిపోనిదానికి గడ్డ అన్న వివేకం ఆ వాడుకలో నిలిచి ఉంది. కోస్తాలో ఆ వివేకం చెరిగి, పాయ రెండింటికీ వ్యాపించింది. మొదటి ఊహ నిలవాలంటే కోస్తాలో గుత్తుల ఉల్లి సాగుకు భాషేతర ఆధారం చూపాలి. అది చూపేవరకు ఉల్లిపాయ అన్న పేరును పాతపంటకు సాక్షిగా ప్రవేశపెట్టరాదు. మాట సాక్ష్యం చెబుతుంది కాని, ఏ విషయంలో సాక్ష్యం చెబుతున్నదో ముందు అడిగి తెలుసుకోవాలి. ఇక్కడ అది పంట మార్పుకు కాక, అర్థవ్యాప్తికి సాక్షి.

నారు, గడ్డ: గంగారం వైపు నుండి

ఇంతవరకు పేర్లను చూశాం. క్రియల విషయం ఇంకా ముఖ్యమైనది. దీనికి ఉల్లి ప్రధాన పంట కాని ఒక ప్రాంతాన్ని ఉద్దేశపూర్వకంగా ఎన్నుకున్నాను. మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో, కొత్తగూడ మండలం నుండి విడివడి ఏర్పడింది. పాకాల అడవుల అంచున, కోయలు అధికంగా నివసించే ప్రాంతం. వరి, పత్తి, మొక్కజొన్న, మిరప ఈ వైపు పంటలు. జిల్లాలోని కేసముద్రం మార్కెట్టుకు పసుపు, వరంగల్ ఎనుమాముల మార్కెట్టుకు మిరప చేరుతాయి. ఈ నేలమీద నాటుకు సంబంధించిన రెండు పద వ్యవస్థలు పక్కపక్కనే బతుకుతున్నాయి.

ఒకటి నారు వ్యవస్థ. దీని మూలం వరి. తెలంగాణలో వరి నారుమడికి విత్తనం చల్లడాన్ని తుకం పోయడం అంటారు. విత్తనాన్ని నానబెట్టి, మూటగట్టి మొలక రప్పించడం మండె కట్టడం. ఆపైన నారు తీయడం, కట్ట కట్టడం, నాటు వేయడం. కోస్తాలో ఆకుమడి, ఊడ్పు అన్న మాటలు ఇదే క్రమంలో వినిపిస్తాయి. రెండోది గడ్డ, కొమ్ముల వ్యవస్థ. దీనికి పసుపు ఉదాహరణ. కోసిన పంటలోనే కొంత కొమ్మును విత్తనానికి దాచి, నీడలో నిలవచేసి, కన్ను మేల్కొనే వేళకు నేలలో పెడతారు.

మిరప అమెరికా ఖండం నుండి వచ్చిన పంట. పదిహేనో శతాబ్ది చివరి వరకు ఈ దేశానికి తెలియదు. అది వచ్చినప్పుడు దాని నాటుకు కొత్త మాటలేవీ పుట్టలేదు. వరి నారు మాట మిరపనారు అయింది. బంగాళాదుంప కూడా అలాగే. కోస్తాలో దుంపల వర్గంలో, తెలంగాణలో ఆలుగడ్డగా గడ్డల వర్గంలో చేరింది. అంటే పంట కొత్తదైనా పద్ధతి పాతదైతే, మాట పాతదే నిలుస్తుంది. కాబట్టి ‘ఉల్లినారు’ అన్న మాట ఉన్నంత మాత్రాన ఉల్లిని నారుపోయడం ఎంత ప్రాచీనమో చెప్పలేం. వరి నుండి అది ఏనాడైనా చేరి ఉండవచ్చు.

ఉల్లి ప్రత్యేకత ఏమంటే, అది ఈ రెండు వ్యవస్థల్లోనూ నిలుస్తుంది. విత్తనపు దారిలో వరికీ మిరపకూ చుట్టం. నారు పోయాలి, తీయాలి, నాటాలి. గడ్డ దారిలో పసుపుకు చుట్టం. దాచాలి, నిద్రపోనివ్వాలి, మేల్కొలపాలి. మధ్యలో ఉన్న చిన్నగడ్డ పద్ధతి రెండింటినీ కలుపుతుంది: మొదట మడిలో విత్తనం, తరువాత నిలవ, ఆపైన నాటు. ‘నారు పోసినవాడు నీరు పోయడా’ అన్న సామెత మొదటి వ్యవస్థ నుండి పుట్టింది. నారుకు నీరు వెంటనే కావాలి; ఆలస్యమైతే చస్తుంది. నిలవ గడ్డ సంగతి వేరు. దానికి నీరు తగలకుండా ఉండడమే రక్షణ. ఆ సామెతలోని భరోసా గడ్డకు వర్తించదు. ఒకే పంట విషయంలో నీరు ఒక దశలో ప్రాణం, మరొక దశలో ముప్పు. నాటుకు ముందు దశను గుర్తించని చరిత్ర ఈ తేడాను చూడలేదు.

సాహిత్యాధారాల హద్దు

ఇన్ని మాటలు జీవభాషలో ఉండగా, ప్రాచీన కావ్యాల్లో ఉల్లి సాగు వివరం వెతికేవారికి నిరాశ సహజం. దానికి ఒక కారణం ధర్మశాస్త్రాల్లో ఉంది. మనుస్మృతి అయిదో అధ్యాయం లశున, గృంజన, పలాండువులను ద్విజులకు అభక్ష్యాలుగా చెబుతుంది. అయిదో శతాబ్ది తొలినాళ్లలో ఈ దేశంలో తిరిగిన ఫాహియాన్, ఏడో శతాబ్దిలో వచ్చిన హ్యూయెన్‌త్సాంగ్ ఇద్దరూ ఉల్లి, వెల్లుల్లి వాడకం పట్ల సమాజంలో ఉన్న విముఖతను గమనించారు. మరోవైపు బోవర్ ప్రతిగా ప్రసిద్ధమైన ప్రాచీన వైద్య గ్రంథం వెల్లుల్లి గుణకీర్తనతోనే మొదలవుతుంది. వంటలో నిషిద్ధమైనది మందుగా గౌరవం పొందింది.

నిషేధం తినడానికి సంబంధించినది. సాగు చేసినవారిని అది ఆపలేదు. వారి గురించి రాయవలసినవారిని మాత్రం ఆపి ఉండవచ్చు. కాబట్టి కావ్యాల్లో ఉల్లి అరుదుగా కనిపించడం పొలంలో అది అరుదుగా ఉన్నదనడానికి ఆధారం కాదు. ఇంకొక చిక్కు వ్యాఖ్యానాలలో ఉంది. ‘పలాండువు’కు మనం అలవాటుగా ఉల్లిపాయ అని అర్థం రాస్తాం. ఆ గ్రంథకర్తల కాలపు పలాండువు విత్తనపు ఉల్లియా, గుత్తుల ఉల్లియా అన్నది ఆ టీకతో తేలదు. నేటి కూరగాయను నాటి పదంలో ప్రవేశపెట్టే పని తెలియకుండానే జరిగిపోతున్నది.

పదకోశ రచనకు ఒక ప్రతిపాదన

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయానికి కేటాయించినది. రైతు నోటి మాటను నిఘంటువుకు అర్హమైనదిగా నిలబెట్టిన ఆ కృషి మన విభాగాలన్నింటికీ మార్గదర్శకం. ఆ సేకరణ జరిగి ఆరు దశాబ్దాలు దాటింది. ఈ మధ్యకాలంలో సంకర విత్తనాల పొట్లాలు వచ్చాయి. నీడవలల కింద ట్రేలలో పెంచిన మిరపనారును కొనితెచ్చి నాటడం సాధారణమైంది. నాటుకు ముందు దశ రైతు ఇంటి నుండి బయటికి వెళ్లిపోతున్నది. పని వెళ్లినచోటికి మాట కూడా వెళ్లదు. అది వదిలిన ఇంట్లోనే మరుగైపోతుంది. విత్తనం ఎంచడం, నిలవ గడ్డల్లో కుళ్లినదాన్ని ఏరడం, నారు తీయడం, నాటడం ఎక్కువగా స్త్రీల చేతిపని. కాబట్టి మరుగయ్యే మాటల్లో పెద్దపాలు వారివే.

ఇకపై జరిగే సేకరణల్లో ప్రతి పంటకూ మూడు ప్రశ్నలు తప్పనిసరి చేయాలని నా ప్రతిపాదన. నేలలోకి వెళ్లేది ఏ రూపంలో వెళ్తుంది? అది కోత నుండి నాటు వరకు ఎక్కడ, ఎంతకాలం, ఎవరి రక్షణలో ఉంటుంది? దానిని నేలలోకి పంపే పనికి వాడే క్రియ ఏది? మూడో ప్రశ్న చాలా ముఖ్యం. పోయడం, చల్లడం, నాటడం, పెట్టడం అన్నవి పర్యాయాలు కావు; ఒక్కొక్కటి ఒక్కొక్క సాగు పద్ధతికి గుర్తు. నామవాచకాలను మాత్రమే సేకరించిన కోశంలో ఉల్లికి మూడు మాండలిక పేర్లు దొరుకుతాయి. క్రియలను కూడా సేకరించిన కోశంలో మూడు చరిత్రలు దొరుకుతాయి.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన విషయాలు ఇవి. తెలుగులో ఉల్లి అన్నది మొదట జాతివాచకమై, తరువాత పెద్ద ఉల్లికి కుదించుకుంది. మలయాళంలో ఆ కుదింపు చిన్న ఉల్లివైపు జరిగింది. ఉల్లిపాయ అన్న పేరు పూర్వపు గుత్తుల ఉల్లికి ఆధారమని చెప్పడానికి ఇప్పుడున్న సాక్ష్యం చాలదు. వెల్లుల్లి సాదృశ్యం దానికి మెరుగైన వివరణ. ఉల్లినారు అన్న మాట వరి వ్యవస్థ నుండి వచ్చినది కనుక, అది పద్ధతి వయస్సును చెప్పగలదు కాని ఆ పంటలో దాని ప్రవేశకాలాన్ని చెప్పలేదు. వాడుక పదం నుండి వ్యవసాయ చరిత్రను నిర్మించదలచినవారు గడ్డ చేతికి వచ్చిన దశను మాత్రమే చూస్తే పొరపడతారు. గడ్డ ఇంకా చూరు కింద వేలాడుతున్నప్పుడు, నారు ఇంకా మడిలో ఉన్నప్పుడు దానిని ఏమని పిలిచారో అడగాలి. ఆ మాటలు తెలిసినవారు గంగారం వంటి ఊళ్లలో ఇంకా ఉన్నారు. వారిని అడిగే అవకాశం ఈ తరం పరిశోధకులకు ఉంది. తరువాతి తరానికి ఉంటుందన్న నమ్మకం లేదు.